చెల్కలో పాత నాణేలు: డిటెక్టర్ కూత నుంచి పైసను గుర్తుపట్టే దాకా

ముందు జాగ సంగతి. వరంగల్ కోట, రామప్ప లాంటి రక్షిత కట్టడాల దగ్గర మెటల్ డిటెక్టర్ (నేలలోని లోహాన్ని కూతతో చెప్పే మిషన్) బయటికే తీయొద్దు. పాటిగడ్డ (పాత ఊరు ఉన్న దిబ్బ) మీద పాత కుండపెంకులు తేలినా ఆపేయాలి. అక్కడ తవ్వితే మట్టి పొరలు కలిసిపోయి ఆ ఊరి చరిత్రే చెరిగిపోతుంది. పట్టాదారు ఒప్పుకున్న చెల్క, పాత కల్లం, కూలిన ఇంటి వాకిలి చాలు.

ఎర్ర చెల్కలో ఇనుపరజను ఎక్కువ. గ్రౌండ్ బ్యాలెన్స్ చేయకపోతే, అంటే ఆ మట్టికి తగ్గట్టు మిషన్‌ను సర్దకపోతే, అది ఊరికే కూస్తుంది. కింద లోహం లేని చోట కాయిల్‌ను (మిషన్ కింది చక్రాన్ని) జానెడు ఎత్తు నుంచి రెండంగుళాల దాకా, కూత నిలకడయ్యే వరకు పైకీ కిందికీ ఆడించండి. అప్పటికీ గోల తగ్గకపోతే సెన్సిటివిటీ తగ్గించండి. పెంచితే లోతు రాదు, గోలే పెరుగుతుంది.

వెండి, రాగి మిషన్ తెర మీద ఎక్కువ నంబరు చూపిస్తాయి; అటు నుంచి ఊపినా ఇటు నుంచి ఊపినా అది పెద్దగా మారదు. అల్యూమినియం పైసలు, గుట్కా పొట్లం రేకు ఇంచుమించు ఒకేలా పలుకుతాయి కాబట్టి రెండూ తవ్వి చూడాల్సిందే. మిషన్ సెట్టింగులో ఇనుము కూతను పూర్తిగా కట్ చేయొద్దు, మేకు పక్కనున్న మంచి నాణెం కూడా మూగబోతుంది. కూత వచ్చిన చోటుకు నాలుగు వేళ్ల దూరం నుంచి తవ్వండి, లేకుంటే తాపీ అంచు నాణెం మీద గీత పెడుతుంది. గుంత పూడ్చాకే కదలండి.

చార్మినార్ బొమ్మ ఉంటే అది హాలి సిక్కా, అంటే హైదరాబాద్ నిజాం నాణెం. ద్వారంలో అరబ్బీ లిపి మీమ్ అక్షరం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ అక్షరం ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. నాణెం మీది హిజ్రీ (ఇస్లామిక్ పంచాంగం) సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: 1330 అంటే 1912. నడుమ బొక్క ఉన్న పైస 1943–47 నాటి ఇంగ్లీషు సర్కారుది. జగిత్యాల, కరీంనగర్ వైపు గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్ల ఇళ్ల దగ్గర యూఏఈ దిర్హమ్‌లు కూడా దొరకొచ్చు. అరబ్బీ రాత చూసి నిజాం నాణెం అనుకుంటారు గానీ, దాని మీద ఉండేది చార్మినార్ కాదు, కాఫీ కూజా. మొదటి యూఏఈ దిర్హమ్ 1973లో వచ్చింది.

చింతపండు, నిమ్మకాయ, బ్రాసో పాలిష్ ముట్టించొద్దు. పైపొర పోతే నాణెం విలువ కూడా పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, దూదితో మట్టి మాత్రమే తీయండి.

1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎంత, ఏ జాగలో, ఏ తేదీన అన్నది అందులో ఉండాలి. అందుకే తవ్విన చోటే సర్వే నంబరు, లోతు రాసుకొని, నాణేన్ని విడి కాగితపు కవర్లో వేయండి.