ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన మీ పూర్వీకుల రికార్డు: వెతకడం, సర్టిఫికెట్ తీసుకోవడం, లేని పేరు చేర్చమని అడగడం

మా ఇంట్లో అటక మీది ట్రంకు పెట్టెలో పాత పంచె ముక్కలో చుట్టిన కంచు బిళ్ల ఒకటుంది. అరచేతి కంటే కాస్త పెద్దది. దాని మీద త్రిశూలం పట్టుకున్న స్త్రీ, ఆమె పక్కన సింహం ఉంటాయి. మా ఆడవాళ్లు చాలా ఏళ్లు దాన్ని అమ్మవారనుకుని పసుపు కుంకుమ పెట్టారు. గీతల్లో ఆ పసుపు ఇప్పటికీ ఉంది. నిజానికి అది మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల ఇళ్లకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన ఫలకం. దాని మీద చిన్న చట్రంలో ఉన్నది మా నాయనమ్మ పెదనాన్న పేరు.

ఏటా నవంబర్ 11న ఆ యుద్ధమృతులను తలుచుకుంటారు. 1918లో అదే రోజు ఉదయం 11 గంటలకు కాల్పులు ఆగాయి. గోదావరి జిల్లాల్లో, గుంటూరు వైపు, రాయలసీమలో ఇలాంటి పెట్టెలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలిటరీ మాధవరం అనే పేరే స్థిరపడింది. మీ ఇంట్లోనూ ‘తాతగారు పట్టాళంలో పోయారట’ అన్న మాట ఉంటే, ఆయన రికార్డు తెప్పించుకోవడం మీరనుకునేంత కష్టం కాదు.

ఈ వివరాలు ఉండేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర. 1917లో ఏర్పడిన సంస్థ ఇది. రెండు యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది వివరాలు దాని వెబ్‌సైట్‌లో ఉన్నాయి. వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్‌కూ కట్టక్కర్లేదు. ఎవరైనా ఏజెంటు ఫీజు అడిగితే ఇవ్వకండి.

ముందు తేదీలు చూసుకోండి. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు చనిపోయినవారే ఈ లెక్కలోకి వస్తారు. సర్వీసులో ఉండగా పోతే చాలు, తూటా తగిలే పోనక్కర్లేదు. జ్వరంతో, ప్రమాదంలో పోయినవారూ ఇందులో ఉంటారు. స్వతంత్రం తర్వాతి యుద్ధాల అమరుల పేర్లు ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నాయి. వారి కుటుంబాలు ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు పతకాలు ఉన్నాయేమో చూడండి. పతకం ముఖం కాదు, అంచు చూడాలి. నాణెం అంచులాంటి ఆ సన్నటి చోట సైనికుడి నంబరు, హోదా, పేరు, రెజిమెంటు చెక్కి ఉంటాయి. నక్షత్రం ఆకారంలో ఉంటే వెనక్కి తిప్పండి. చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. తడిగుడ్డతో తుడిచి, ఏటవాలుగా వెలుగు పడేలా పెట్టి ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు. మా కంచు బిళ్ల మీద పేరు తప్ప ఇంకేమీ లేదు. నంబరు దొరికింది దాంతోపాటే ఉన్న వెండి పతకం అంచు మీద.

నంబరు ఎందుకంత ముఖ్యమంటే, మన పేర్లు రాసింది మన భాష రాని గుమాస్తాలు. ఇంటిపేరు చాలాసార్లు రికార్డులో ఉండదు. వెంకటస్వామి చివర ‘స్వామి’ పోయి ‘సామి’ వస్తుంది. సుబ్బయ్యలో ఒక ‘బి’ పోతుంది. అందుకే నంబరు ఉంటే దాంతోనే వెతకండి. లేకపోతే దేశం దగ్గర ఇండియన్ అని పెట్టి, పేరును నాలుగైదు రకాల స్పెల్లింగులతో కొట్టి చూడండి. తండ్రి పేరు, ఊరు అదనపు సమాచారం అనే గడిలో దొరకొచ్చు. ఊళ్లకు పాత ఇంగ్లీషు పేర్లు వాడండి: ఏలూరుకు ఎల్లోర్, కాకినాడకు కొకనాడా, విశాఖపట్నానికి విజగపటం. కృష్ణా జిల్లా అప్పట్లో ‘కిస్ట్నా’. ఇంకో చిక్కు కూడా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో గానీ ఏర్పడలేదు. మొదటి యుద్ధంలో పోయినవారు తణుకు, భీమవరం వైపు వాళ్లయినా కిస్ట్నా కిందే ఉంటారు. ఇది తెలియక నేను రెండు వారాలు గోదావరి పేరుతో వెతికాను.

పేరు దొరికితే ఆ పేజీలో హోదా, యూనిట్, మరణించిన తేదీ, స్మారకం పేరు, పలక నంబరు ఉంటాయి. సర్టిఫికెట్ అక్కడే పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ అవుతుంది. సమాధి లేదని దిగులుపడకండి. హిందూ, సిక్కు సైనికులను వీలైనచోట దహనం చేశారు, వారి పేర్లు స్మారకాల మీద ఉంటాయి. బర్మాలో పోయినవారైతే చాలావరకు రంగూన్ స్మారకం, మెసపటోమియాలో పోయినవారైతే ఇరాక్‌లోని బస్రా స్మారకం. ఆ బస్రా రాళ్ల మీద మన ఆఫీసర్ల పేర్లు చెక్కి, సిపాయిలను మాత్రం రెజిమెంటుకు ఇంతమంది అని అంకెగా రాశారు. ఇలాంటి వివక్షకు కమిషన్ 2021లో క్షమాపణ చెప్పింది. మా నాయనమ్మ పెదనాన్న కూడా ఆ అంకెల్లో ఒకరు.

అసలు పేరే లేకపోతే చేర్చమని దరఖాస్తు చేయొచ్చు. వెబ్‌సైట్‌లోని విచారణ ఫారంలో ఆయనకు మీరేమవుతారో, ఆయన పేరు, నంబరు, యూనిట్, మరణం వివరాలు రాసి కాగితాలు జతచేయాలి. నిరూపించాల్సినవి రెండు: ఆయన సైన్యంలో పనిచేశారు, ఆ తేదీల మధ్య పోయారు. ఇంటికి పంపేశాక పోయి ఉంటే, సర్వీసులో తగిలిన గాయం వల్లో జబ్బు వల్లో పోయారని కూడా చూపాలి. ‘మా పెద్దలు చెప్పేవారు’ అంటే సరిపోదు, ఆ కాలపు కాగితం కావాలి. డిశ్చార్జి కాగితం, ఫ్యామిలీ పెన్షన్ పత్రం, మరణవార్త తెచ్చిన ఉత్తరం, పతకం అంచు ఫొటో ఏదున్నా పెట్టండి. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయండి. ఏమీ దొరక్కపోతే రెజిమెంటు రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయండి. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, సైన్యంలోని ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌ది బెంగళూరులో ఉన్నాయి. జవాబుకు నెలలు పట్టొచ్చు, పంపిన ప్రతి కాగితం కాపీ ఉంచుకోండి. స్పెల్లింగ్ తప్పులు సరిచేయమని అడగడానికీ ఇదే దారి.

మా ఇంట్లో ఆయన పోయిన తేదీ తెలియక ఏటా మహాలయ అమావాస్యకే తర్పణం వదిలేవారు. సర్టిఫికెట్‌లో తేదీ చూశాక పాత పంచాంగం తెరిపించి తిథి కట్టించాం. మా పక్కింటి క్రైస్తవ కుటుంబం కూడా వాళ్ల ముత్తాత రికార్డు తెప్పించుకుంది. ఆయన సమాధి ఎక్కడో దూరాన ఉంది. నవంబర్ 2న సమాధుల పండుగ నాడు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి, వాళ్ల ముత్తవ్వ సమాధి మీద కొవ్వొత్తుల మధ్య పెట్టారు.