కార్బన్ డయాక్సైడ్ పైప్‌లైన్ దగ్గర ఇల్లుంటే వానలకు ముందే చేసుకోవాల్సినవి

2020 ఫిబ్రవరి 22న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో సటార్షియా అనే చిన్న ఊరికి సుమారు మైలు దూరంలో, వానలకు నానిన గట్టు జారి 24 అంగుళాల కార్బన్ డయాక్సైడ్ పైపు తెగిపోయింది. దాదాపు 200 మందిని ఖాళీ చేయించారు, 45 మంది ఆసుపత్రికి వెళ్లారు. అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. 2024 ఏప్రిల్‌లో లూసియానాలోని సల్ఫర్ దగ్గర ఇంకో లీకు, దాన్ని ఆపడానికి రెండు గంటలు దాటింది, అంతసేపూ చుట్టుపక్కల వాళ్లను ఇళ్లలోనే ఉండమన్నారు. అదే ఏడాది ఇల్లినాయ్‌లోని డెకేటర్‌లో, నిల్వ కోసం భూమి లోపలికి పంపిన ద్రవం అనుమతి లేని పొరలోకి పాకిందని ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ నోటీసిచ్చింది. అక్కడ తాగునీటికి హాని జరగలేదు. మళ్లీ వసంతకాలం వానలు దగ్గరపడుతున్నాయి కాబట్టి, అలాంటి చోట ఇల్లో పొలమో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తవ్వే ముందు, భూమిలో పైపులెక్కడున్నాయో గుర్తు పెట్టించే నంబరు 811కి ఫోన్ చేయమనడం లాంటివి అందరికీ తెలుసు, వదిలేస్తున్నా. నేను చూసినంతలో జనాన్ని ముంచే తప్పు ఒక్కటే: "పర్మిట్ వచ్చింది కదా, మన ఇంటి సంగతి అందులో ఎవరో చూసే ఉంటారు" అనుకోవడం. చూసి ఉండకపోవచ్చు. సటార్షియా విషయంలో తర్వాత విచారణలో తేలింది అదే. పైపు పగిలితే గ్యాస్ ఎంత దూరం వెళ్తుందో కంపెనీ వేసుకున్న లెక్కలో ఆ ఊరు లేనే లేదు.

ఎవరి పని ఎంతవరకు

పైపు ఎంత మందం ఉండాలి, ఎలా పరీక్షించాలి అనేది ఫెడరల్ పైప్‌లైన్ భద్రతా సంస్థ ఫిమ్సా చూస్తుంది. కానీ పైపు ఎటు నుంచి వెళ్లాలి, ఇంటికి ఎంత దూరంలో ఉండాలి అని చెప్పే అధికారం దానికి లేదు, అది రాష్ట్రాల చేతిలో ఉంది. పైగా ఇప్పుడున్న ఫెడరల్ నిబంధనలు సూపర్‌క్రిటికల్ స్థితిలో (బాగా ఒత్తిడి పెట్టి, గ్యాసూ ద్రవమూ కాని మధ్యస్థ స్థితిలో) పంపే కార్బన్ డయాక్సైడ్‌కే రాసినవి. గ్యాస్‌గా, మామూలు ద్రవంగా పంపేదాన్ని కూడా కలుపుతూ 2025 జనవరిలో ఒక కొత్త ప్రతిపాదన తెచ్చారు గానీ, ప్రభుత్వం మారగానే వెనక్కి తీసుకున్నారు. ఇక రాష్ట్రం దాటితే చట్టమే మారిపోతుంది. సౌత్ డకోటా ఈ పైపుల కోసం యజమాని ఒప్పుకోకుండా భూమి తీసుకోవడాన్ని 2025 మార్చిలో నిషేధించింది. ఇల్లినాయ్ 2024లో కొత్త పైప్‌లైన్ల అనుమతులనే కొంతకాలం ఆపింది. అందుకే పక్క రాష్ట్రంలో ఉన్న బంధువు చెప్పిన మాట పట్టుకుని ధైర్యంగా కూర్చోవద్దు.

పొలం కింద నిల్వ చేస్తామంటే

ఈ గ్యాస్‌ను గాలిలోకి పోకుండా భూమి లోపల దాచే నిల్వ బావులకు క్లాస్ 6 అనే పర్మిట్ కావాలి. మామూలుగా ఇచ్చేది ఈపీఏ, కానీ నార్త్ డకోటా, వయోమింగ్, లూసియానా లాంటి చోట్ల ఆ అధికారం రాష్ట్రానికే వెళ్లింది. నార్త్ డకోటాలో 60 శాతం భూమి యజమానులు ఒప్పుకుంటే మిగతా వాళ్ల భూగర్భాన్ని కూడా పరిహారం ఇచ్చి కలిపేసుకోవచ్చు. "నేను సంతకం పెట్టలేదు, నాకేం సంబంధం" అనుకుంటే అక్కడ కుదరదు. ఈపీఏ నిబంధనల్లో పంపడం ఆగాక మామూలుగా 50 ఏళ్లు కంపెనీ కనిపెట్టుకుని ఉండాలి, నార్త్ డకోటాలోనైతే పదేళ్లు గడిచాక బాధ్యత రాష్ట్రం మీదికి మారే వీలుంది. మీ దగ్గర ఎన్నేళ్లో, ఆ తర్వాత ఎవరు పలుకుతారో కాగితం మీద చూడండి. క్లాస్ 6 దరఖాస్తులో ప్రమాదం వస్తే ఏం చేస్తారనే ప్లాన్ తప్పనిసరిగా ఉంటుంది. అది తెప్పించుకుని అందులో మీ రోడ్డు పేరు ఉందా అని వెతకండి. లేకపోతే అభ్యంతరాల గడువులోపే రాసి ఇవ్వండి, ఆ గడువు ఒక్కోసారి 30 రోజులే. గడువు దాటాక పరిగెత్తుకొచ్చిన వాళ్లందరూ చెప్పిన కారణం ఒకటే, పర్మిట్ ఇచ్చేవాళ్లే చూసుకుంటారనుకున్నాం అని.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

పంపడం మొదలవకముందే బోరు నీళ్లు పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ కలిస్తే నీరు ఆమ్లమై రాళ్లలోని ఆర్సెనిక్, సీసం లాంటివి కరగొచ్చు, అప్పుడు ముందు నీళ్లు ఎలా ఉండేవో మీరే రుజువు చూపించాలి.

పొలంలో పాత చమురు బావులు, వదిలేసిన బోర్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టి తెలియజేయండి. గ్యాస్‌కి కిందనుంచి పైకి దారి దొరికేది అక్కడే.

వాలు మీద వెళ్లే పైపు పైన నేల బీటలిస్తే, చెట్లు ఒరిగితే ఆ రోజే ఫోన్ చేయండి.

ఏదో వాసన వస్తుందిలే అని ఆగొద్దు. సటార్షియాలో కుళ్లిన గుడ్ల వాసన వచ్చిందంటే ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసి ఉంది కాబట్టి. కార్బన్ డయాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. గాలిలో 4 శాతానికి చేరితే చాలు, ప్రాణాపాయం.

ఇంట్లో ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం దీన్ని పసిగట్టదు. రెండూ వేరు. కార్బన్ డయాక్సైడ్ మీటర్ విడిగా కొనండి.

తెల్లటి పొగమంచు కనిపిస్తే చూడ్డానికి వెళ్లొద్దు, అది కనిపించినంత మేరే గ్యాస్ ఉందనుకోవద్దు.

పొగలోకి కారు నడపొద్దు. ఇంజిన్‌కీ ఆక్సిజన్ కావాలి, సటార్షియాలో కార్లు మధ్యలో ఆగిపోయింది అందుకే.

గాలికి ఎదురుగా, మెరక వైపు వెళ్లండి. గ్యాస్ అప్పటికే చుట్టుముట్టేస్తే తలుపులు, కిటికీలు మూసి, ఏసీ, ఫ్యాన్లు ఆపి పై అంతస్తుకి ఎక్కండి.

పడిపోయిన మనిషి కోసం పల్లంలోకి దిగొద్దు. 911కి చెప్పి, ఊపిరికి గాలి సిలిండర్ ఉన్నవాళ్లను రానివ్వండి.

ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఈ పైపు సంగతి కంపెనీ చెప్పే ఉంటుంది అనుకోవద్దు, ఇది కూడా ఆ పాత తప్పే. మీరే వెళ్లి అడగండి, వాళ్ల దగ్గర మ్యాప్ ఉందా, ఊపిరికి గాలి సిలిండర్లు ఎన్ని ఉన్నాయి అని.

బేస్‌మెంట్‌లోకి దిగొద్దు. వసంతంలో సైరన్ వినగానే టోర్నడో అనుకుని పిల్లల్ని తీసుకుని కిందికి పరిగెత్తడం అక్కడ చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈ గ్యాస్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, ముందుగా నిండేది ఆ బేస్‌మెంటే. మీ కౌంటీలో రెండింటికీ ఒకటే సైరన్ మోగిస్తారా, వేరే సందేశం పంపుతారా అని ఈ వారమే రాసి అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.