గోదారి గట్టున గోల్ఫ్ – 4వ పాఠం: చిప్ షాట్

పోయిన పాఠంలో పుటింగ్, అంటే బంతిని గుంతలోకి దొర్లించడం చూశాం. ఈసారి బంతి గ్రీన్ (గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి జాగా) మీదికి చేరకుండా అంచు అవతలే ఆగిపోయింది అనుకోండి. అక్కణ్ణుంచి బంతిని కాస్త దూరం గాల్లో పోనిచ్చి, మిగతా దూరం గుంతవైపు దొర్లనిచ్చే చిన్న దెబ్బే చిప్ షాట్. ఇది నేర్చుకోడానికి విశాఖ గోల్ఫ్ కోర్సు (మైదానం) దాకా పోనక్కర్లేదు. కొబ్బరితోటలో పదిహేను అంగల గరిక జాగా ఉంటే చాలు. కోర్సులవాళ్లు బెర్ముడా గడ్డి అనేది మన గరికనే.

ముందు నిలబడటం. కుడిచేతి వాటం వాళ్లయితే కాళ్లు దగ్గరగా పెట్టి, బరువు ఎడమ కాలిమీద వేయండి. బంతి కుడి పాదం వైపుకు, చేతులు బంతికంటే కాస్త ముందుకు ఉండాలి. కొట్టి ముగించేదాకా బరువు ఎడమ కాలిమీదే ఉండాలి, మణికట్టు వంగకూడదు.

నేను ఏడాదిపాటు బంతిని గరిటెతో పప్పు తీసినట్టు కిందనుంచి ఎత్తబోయాను. క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) బంతికంటే ముందు నేలకు తగిలేది, బంతి రెండంగలు కూడా పోయేది కాదు. బంతిని లేపేది క్లబ్బు ముఖానికున్న వాలు. మన పని కిందికి కొట్టడమే: ముందు బంతి, తర్వాత గడ్డి.

ఇక అసలు సంగతి. కళ్లు గుంతలో ఉన్న జెండా మీద కాదు, బంతి పడాల్సిన చోటు మీద ఉండాలి. చదునైన గ్రీన్ మీద పిచింగ్ వెడ్జ్‌తో (ముఖం బాగా వాలి ఉన్న క్లబ్బు) బంతి ఒక వంతు గాల్లో పోతే, సుమారు రెండు వంతులు దొర్లుతుంది. వాలు తక్కువున్న సెవెన్ ఐరన్ క్లబ్బుతో అయితే దొర్లేది ఐదు వంతులు. అంటే పన్నెండు అంగల దూరానికి వెడ్జ్‌తో నాలుగో అంగలో, సెవెన్‌తో రెండో అంగలోనే బంతి పడాలి. తోటలో గరిక ఎత్తుగా ఉంటుంది కాబట్టి దొర్లుడు తగ్గుతుంది. మీ జాగా లెక్క మీరే కట్టుకోవాలి.

దానికి ధనుర్మాసం పొద్దులు బంగారం లాంటివి. గరిక మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంటుంది. బంతి గాల్లో పోయినంత మేరా మంచు చెక్కుచెదరదు. పడిన చోట రూపాయి బిళ్లంత పచ్చటి చుక్క, అక్కణ్ణుంచి ఆగేదాకా పచ్చటి గీత. చుక్క దాకా ఎన్ని అంగలు, గీత ఎన్ని అంగలు కొలిచి, క్లబ్బువారీగా నోటుబుక్కులో రాసుకోండి. ఎండెక్కితే గీతలు మాయమైపోతాయి, ఏడున్నరలోపే కానివ్వండి. ఎదురుగా పిల్లలుంటే మాత్రం క్లబ్బు ఎత్తకండి.

మంచు లేని రోజుల్లో తడి తువ్వాలు నాలుగు మడతలు వేసి, బంతి పడాల్సిన చోట పరవండి. పది బంతుల్లో ఆరు దానిమీద పడ్డాకే తువ్వాలు ఇంకో అంగ దూరం జరపండి. తొందరొద్దు, నాకు మొదటి తువ్వాలుకే మూడు వారాలు పట్టింది.

వచ్చే పాఠం బంకర్, అంటే కోర్సులో ఉండే ఇసుక గుంట. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక కుప్ప ఎక్కడైనా ఉంటే, కంకర ఏరి, చాపంత మేర పరిచి ఉంచండి.