ప్లాస్టిక్ డెక్ పలకలు డిజైన్ చేసుకునేవాళ్ళకి: జాయింట్ పైకీ కిందకీ బిగువు, పక్కకి వదులు

రాజోలు దగ్గర మా పెద్దమ్మ వాళ్ళింటి వెనకాల, పంటకాలువ గట్టు వైపు, 12 అడుగులకి 10 అడుగుల డెక్ (దూలాల మీద పలకలు పరిచిన ఆరుబయటి అరుగు) ఒకటి వేశాను. అంతకుముందు అక్కడ తాటిదూలాల మీద చెక్కలుండేవి, రెండు వానాకాలాలు దాటేసరికి ఒక పక్క చెద, ఇంకో పక్క పాకుడు, పెద్దమ్మ ఒకసారి జారిపడింది కూడా, అందుకని ఈసారి ఒకదాంట్లో ఒకటి దూరి పట్టుకునే ప్లాస్టిక్ పలకలు మనమే డిజైన్ చేసి తీయిద్దాం అనుకున్నాం. జనవరిలో పొద్దున్నే మంచులో బిగించాను, సుత్తీ చెక్కముక్కా పెట్టి ఒకదాన్నొకటి కొట్టి కొట్టి, ఇంటి గోడ నుంచి కాలువ వైపు పిట్టగోడ దాకా వెంట్రుక దూరే సందు లేకుండా. చూడ్డానికి ఎంత బాగుందో. మే నెలలో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఫోన్ చేసి "ఒరేయ్ నాన్నా, నేల పూరీలా పొంగిందిరా, కాలేస్తే కిందకి పోతోంది" అంది.

వెళ్ళి చూస్తే మధ్యలో నాలుగు పలకలు రెండంగుళాలు పైకి లేచున్నాయి. ఒక పలకకి, పక్క పలక గాడిలోకి దూరే నాలిక జారిపోకుండా పట్టే కొక్కెం మొదట్లో తెల్లటి గీత పడి సగం విరిగింది, మిగతా ముక్క బాగానే ఉంది. ప్లాస్టిక్ వంగగలిగినదానికన్నా ఎక్కువ వంచితే అలా తెల్లబడుతుంది, ఎక్కడ తెల్లబడిందో అక్కడే మీ డిజైన్‌లో తప్పుంది అని అర్థం.

అప్పటినుంచి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒక్కటే. జాయింట్ పైకీ కిందకీ బిగువుగా ఉండాలి, పక్కకి మాత్రం వదులుగా ఉండాలి. ఎందుకంటే జాయింట్‌కి ఉన్న పనులు రెండు. ఒకటి బరువు పంచుకోవడం, మీరు ఒక పలక మీద కాలేస్తే అటూ ఇటూ ఉన్న పలకలు కూడా కొంచెం మొయ్యాలి, లేకపోతే ఒకటి దిగి ఇంకోటి నిలబడి కాలివేళ్ళకి తగులుతుంది. రెండోది ఎండకి పెరిగినప్పుడు దారివ్వడం. చాలామంది మొదటి పని చూసుకుని రెండోదాన్ని వదిలేస్తారు, నేనూ అదే చేశాను.

లెక్క చూడండి. మన దగ్గర జనవరి తెల్లారుజామున 18 డిగ్రీలు ఉంటే, మే నెలలో ఎండలో పడున్న పలక పై భాగం 60 దాకా పోతుంది. తేడా 42 డిగ్రీలు. పీవీసీ అయితే మీటరుకి ఒక్కో డిగ్రీకి సుమారు 0.06 మి.మీ. పెరుగుతుంది, హెచ్‌డీపీఈ (నల్ల నీటి పైపుల ప్లాస్టిక్) దానికి రెండింతల పైనే, 0.15 దాకా. ఇనుము 0.012 మాత్రమే, అందుకే ఇనుము అలవాటైన వెల్డర్‌కి ఈ సంగతి తట్టదు. 3 మీటర్ల పీవీసీ పలక పొడవులో ఏడున్నర మి.మీ., హెచ్‌డీపీఈ అయితే 19 మి.మీ. దాకా పెరుగుతుంది. అడ్డంలో 150 మి.మీ. వెడల్పున్న పీవీసీ పలక ఒక్కోటి 0.38 మి.మీ.యే, కానీ మాకు అలాంటివి 24 పలకలు, మొత్తం 9 మి.మీ. అంతేగా అనిపిస్తుంది గానీ, మూడున్నర మీటర్ల నేలకి ఆ 9 మి.మీ. పక్కకి పోయే దారి లేకపోతే మధ్యలో నాలుగంగుళాలు పైకి లేస్తుంది, మాది స్క్రూలు పట్టుకున్నాయి కాబట్టి రెండంగుళాలతో ఆగింది.

అందుకని ఈ పెరుగుదలని చివర్లో ఒకేచోట కాకుండా ప్రతి జాయింట్‌కీ పంచేయాలి. ఇంటర్‌లాక్ పలకల్లో అసలు గొప్పదనం ఇదే, 9 మి.మీ. సందు ఒకచోట ఉంటే కంటికి కనపడుతుంది, 0.4 చొప్పున 24 చోట్ల ఉంటే ఎవరికీ తెలీదు. నేను ఇప్పుడు నాలిక 8 మి.మీ. పొడవు, గాడి 10 మి.మీ. లోతు పెడుతున్నాను, కొక్కెం కూర్చున్నాక కూడా పక్కకి 1 మి.మీ. కదిలే చోటు ఉండేలాగా. నిలువులో మాత్రం నాలిక మందానికీ గాడికీ తేడా 0.2 నుంచి 0.3 మి.మీ. మించనివ్వను, అంతకంటే ఎక్కువైతే నడుస్తుంటే టకటక చప్పుడొస్తుంది, తక్కువైతే పలక దూరదు. బిగించేటప్పుడు చలికాలం పొద్దున్న అయితే రెండు పలకల మధ్య పాత ఏటీఎం కార్డు పెట్టి తీసేయండి, కార్డు మందం 0.76 మి.మీ., ప్రతి జాయింట్‌కీ అదే కొలత. మండుటెండలో బిగిస్తుంటే కార్డు అక్కర్లేదు, చేత్తో ఆనిస్తే చాలు, ఎందుకంటే అప్పటికే అవి పెరిగి ఉన్నాయి. గోడల దగ్గర రెండువైపులా 10 మి.మీ. వదిలి పైన ఎల్ పట్టీ కప్పండి, ఆ పట్టీని గోడకి కొట్టాలి, పలకకి కాదు.

కొక్కెం గురించి ఇంకో మాట. టిక్ మని పడే కొక్కెం కావాలంటే అది ఒక్క క్షణం పక్కకి వంగి మళ్ళీ వెనక్కి రావాలి. ఎంత సాగుతుందో చూడ్డానికి చిన్న లెక్కుంది, కొక్కెం మందాన్ని అది వంగే దూరంతో హెచ్చవేసి, దాన్ని 1.5తో హెచ్చవేసి, కొక్కెం పొడవు వర్గంతో భాగించండి. మందం 2, వంగేది 1.5, పొడవు 12 మి.మీ. అనుకుంటే 4.5 బై 144, అంటే 3.1 శాతం. అదే పొడవు 8 మి.మీ. చేస్తే 7 శాతం అయిపోతుంది. విరిగిన నా పలకలో కొక్కెం పొట్టిదే. పీవీసీకి నేను 2 శాతం, హెచ్‌డీపీఈకి 4 శాతం దాటనివ్వను, అది నా పద్ధతి. అంటే కొక్కేన్ని మందంగా చేస్తే గట్టిపడుతుందనేది తప్పు, పొడవు చేస్తేనే బతుకుతుంది, మొదట్లో మూల గుండ్రంగా 1 మి.మీ. అయినా తిప్పాలి.

ఇప్పుడు పలక తేలిగ్గా ఎలా అవుతుందో. బరువు తగ్గించాలంటే పలుచన చెయ్యకండి, బోలుగా చెయ్యండి. ఉదాహరణకి 150 వెడల్పు, 30 ఎత్తు ఉన్న ఘనమైన హెచ్‌డీపీఈ పలక మీటరుకి 4.3 కిలోలు. అదే కొలతల్లో పైనా కిందా 2.5 మి.మీ. గోడలు, మధ్యలో నాలుగు, పక్కల రెండు, మొత్తం ఆరు నిలువు గోడలు అదే మందంతో పెడితే మీటరుకి 1.07 కిలోలే. బరువు నాలుగో వంతుకి పడిపోయింది, బిగువు, అంటే వంగకుండా నిలబడే బలం, మాత్రం దాదాపు సగం మిగిలింది. ఎందుకంటే వంపుకి ఎదురునిలిచేది పైపొర, కిందపొర, మధ్యలో ఉన్న సరుకు ఊరికే బరువు. మీకు ఇంకొంచెం బిగువు కావాలంటే గోడ మందం పెంచేకన్నా పలక ఎత్తు పెంచండి, ఘన పలకలో ఎత్తు రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు.

గోడలన్నీ ఒకే మందం ఉండాలి, ఇది డై (ప్లాస్టిక్‌ని ఆకారంలోకి తీసే అచ్చు) తీసేవాళ్ళు మీకు వంద సార్లు చెప్తారు, వినండి. ఒకచోట మందం ఎక్కువైతే అది ఆలస్యంగా చల్లారి ఎక్కువ ముడుచుకుంటుంది, పలక విల్లులా వంగి బయటికొస్తుంది, ఆ వంపుని తర్వాత ఎవరూ సరిచెయ్యలేరు. నాలిక దగ్గర సరుకు గట్టిగా ఉండాలని 5 మి.మీ. పెట్టాలనిపిస్తుంది, వద్దు, 3 చాలు.

కింద దూలాల దూరం 300 మి.మీ. పెట్టుకోండి. 80 కిలోల మనిషి ఒక్క కాలి మీద నిలబడితే ఆ బోలు పలక పీవీసీ అయితే 1 మి.మీ., హెచ్‌డీపీఈ అయితే 3 మి.మీ. దిగుతుంది. దూరం 400 చేస్తే రెండున్నర, ఏడు మి.మీ. అవుతాయి. ఇదంతా మామూలు వేడిలో, ఎండకి కాగిన హెచ్‌డీపీఈ బిగువు దాదాపు సగానికి పడిపోతుంది, పైగా తులసికోట లాంటి బరువు నెలల తరబడి ఒకేచోట ఉంటే ప్లాస్టిక్ నెమ్మదిగా కుంగుతూనే ఉంటుంది, బరువు తీసినా పూర్తిగా పైకి రాదు. కాబట్టి కుండీలు ఎక్కడ పెడతారో ముందే అడిగి, ఆ కింద ఒక దూలం అదనంగా వెయ్యండి.

సరుకు విషయం త్వరగా చెప్పేస్తాను. మన గోదావరి డెల్టాలో రొయ్యల చెరువుల వల్ల వాడేసిన ప్లాస్టిక్‌కి కొదవలేదు, మేత బస్తాలు, పాత షీట్లు, వలలు, ఇవి కలిపి కరిగించి పలకలు తీద్దామని చాలామందికి వస్తుంది. మంచి ఆలోచనే, కానీ బస్తా పీపీ (పాలీప్రొపిలీన్), షీటు హెచ్‌డీపీఈ, ఈ రెండూ కరిగించినా ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కలవవు, పలక పొరలు పొరలుగా విరుగుతుంది. నీళ్ళలో వేసి వేరుచేద్దామంటే రెండూ తేలతాయి, పీవీసీ మాత్రం మునుగుతుంది. కాబట్టి తెచ్చేటప్పుడే వేరుగా తెచ్చుకోవాలి. ఎండకి తట్టుకోవాలంటే నల్ల హెచ్‌డీపీఈ పైపుల్లో వేసినట్టు కార్బన్ బ్లాక్ (సన్నటి మసి పొడి) రెండున్నర శాతం దాకా వేస్తే బాగా నిలుస్తుంది గానీ నల్లటి డెక్ మీద మే నెలలో చెప్పుల్లేకుండా నడవలేరు, నేను లేత బూడిద రంగు పీవీసీకే వెళ్తాను. దీపావళికి డెక్ మీద చిచ్చుబుడ్లు కాల్చే ఇల్లయితే ఇంకా పీవీసీయే, మంట తీసేస్తే తనే ఆరిపోతుంది, హెచ్‌డీపీఈ కారుతూ కాలుతుంది.

ఇంకొకటి, ఇది బయట పుస్తకాల్లో దొరకదు, మన డెల్టాలో కట్టేవాళ్ళు మాత్రం తప్పకుండా చూసుకోవాల్సింది. వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు లంకల్లో ఇళ్ళలోకి ఎంత నీళ్ళొచ్చాయో అందరికీ గుర్తే. బోలు పలకకి రెండు చివర్లా మూతలు గట్టిగా వేసేశారనుకోండి, అది పడవ. నేను పైన చెప్పిన పలక మీటరుకి నాలుగున్నర లీటర్ల చోటు ఆక్రమిస్తుంది, తన బరువు పీవీసీ అయితే కిలోన్నర, అంటే నీళ్ళలో మీటరుకి దాదాపు 3 కిలోలు పైకి నెడుతుంది. మా డెక్ మొత్తానికి 73 మీటర్ల పలక ఉంది, లెక్కేసుకోండి, 200 కిలోల పైన. స్క్రూలు ఊడి డెక్ మొత్తం పక్కూరికి పోతుంది.

సరే అని కింది గోడకి మాత్రం రంధ్రాలు పెడతారు. అదీ చాలదు. బోర్లించిన గ్లాసుని నీళ్ళలో ముంచినట్టు, నీళ్ళు కిందనుంచి వస్తుంటే పైన గాలి ఇరుక్కుపోయి అలాగే ఉంటుంది. గాలి బయటికి పోవాలంటే మూతకి పైఅంచు దగ్గర, లోపల ఎన్ని గదులుంటే అన్ని సన్నటి చీలికలు కావాలి, గదికొకటి, ఎందుకంటే నిలువు గోడలు వాటిని వేరు చేసేస్తాయి. కింద గదికో రంధ్రం, ఆ నీళ్ళు తిరిగి కారిపోడానికి, లేకపోతే లోపల నిలిచి దోమలు. చీలిక వెడల్పు 2 మి.మీ. మించితే కందిరీగలు మట్టితో గూడు కడతాయి, మా దగ్గర కట్టాయి, ఒక పలక గదులన్నీ మట్టితో మూసుకుపోయాయి.

పైభాగం నున్నగా ఉంచకండి. పొడుగునా లోతు గాళ్ళు పెడితే చూడ్డానికి బాగుంటుంది, కానీ వరద బురద, కొబ్బరి పీచు ఆ గాళ్ళలో కూరుకుని పాకుడు పడుతుంది, చీపురు వెంట్రుక దూరేంత వెడల్పూ, మిల్లీమీటరు లోతూ ఉంటే చాలు. నూటికి ఒకటి వాలు కాలువ వైపు ఇవ్వండి.

డై కొట్టించే ముందు అడ్డకోత మాత్రం 40 మి.మీ. పొడవు ముక్కలు నాలుగు త్రీడీ ప్రింట్ తీయించి చేత్తో బిగించి విప్పి చూడండి. ఆ తర్వాత మొదటి లాటులో ఒక పలక తీసుకుని పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ స్టీలు టేపుతో కొలవండి, పలక వేడి ఎంతో కూడా రాసుకోండి, పెరిగిన పొడవుని మొత్తం పొడవుతోనూ డిగ్రీల తేడాతోనూ భాగిస్తే మీ సరుకు అసలు నంబరు వస్తుంది, నేను ఇచ్చినవాటికంటే అదే మీకు పనికొచ్చేది. ఇంకో పలకని రెండు ఇటుకల మీద పెట్టి, మధ్యలో 20 కిలోల ఇసుక మూట వేసి నెల్లాళ్ళు ఎండలో వదిలేయండి, ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి చూస్తే ఎంత కుంగిందో కనపడుతుంది.

బిగించేటప్పుడు ప్రతి పలకకీ పొడవులో సరిగ్గా మధ్య దూలం దగ్గర ఒకే ఒక స్క్రూ గట్టిగా బిగించండి, మిగతాచోట్ల పొడవాటి రంధ్రంలో వదులుగా, అప్పుడు పలక రెండువైపులా సమానంగా పెరుగుతుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి మామూలు జీఐ (జింక్ పూత ఇనుము) స్క్రూలు నిలవవు, 316 స్టెయిన్‌లెస్ తీసుకోండి, 304 కూడా మరకలు పడుతుంది. గోడ దగ్గర చివరి పలకని మాత్రం కొక్కెం లేకుండా పైనుంచి దించేలా పెట్టుకోండి, రేపు మధ్యలో ఏదైనా పగిలితే అక్కడినుంచి విప్పుకుంటూ రావొచ్చు. రెండు పలకలు ఎక్కువ తీయించి, వాటిని కొట్టంలో దాచకుండా మేడ మీద ఎండలోనే పడెయ్యండి, రెండేళ్ళ తర్వాత మార్చాల్సి వస్తే రంగు కలుస్తుంది.