చేరేదాకా ఆఫర్ లెటర్ ఫోటో పెట్టకండి

పోయిన వారం గుంటూరు బ్రాడీపేట హాస్టల్లో ఉంటున్న మాకు తెలిసిన అమ్మాయికి ఒక ఫోను వచ్చింది. పేరు, హోదా, చేరవలసిన తేదీ, లెటరు మీది రిఫరెన్స్ నంబరు తడుముకోకుండా చెప్పి, లాప్‌టాప్ పంపడానికి 9,000 రూపాయల డిపాజిట్ కట్టమన్నారు. ఇన్ని వివరాలు కంపెనీకి కాక ఇంకెవరికి తెలుస్తాయి అనుకుని కట్టేసింది. నిజానికి ఆ వివరాలు ఊరందరికీ తెలుసు. ఆఫర్ లెటర్ ఫోటో తీసి, జీతం అంకె మీద బొటనవేలు అడ్డం పెట్టి, లింక్డ్‌ఇన్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ తనే పెట్టింది. వేలి కింద దాగింది జీతం ఒక్కటే. హెచ్‌ఆర్ సంతకంతో సహా మిగతాదంతా చదువుకోవచ్చు.

ఉద్యోగం వెతికేటప్పుడు పార్టీ ఫోటోలు తీసేయాలని, పాత మేనేజరును తిట్టిన పోస్టులు చెరిపేయాలని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉద్యోగం చేతికి అందే వేళ నోటికాడి కూడు పోగొట్టేది ఈ లెటరు ఫోటో. చేరేదాకా ఆఫర్ లెటర్ ఫోటో పెట్టకండి.

ఇప్పటికే ఒక చోట పనిచేస్తున్నవారికి ఇది మరీ ప్రమాదం. రాజీనామా ఇవ్వకముందే స్టేటస్ పెడితే మీ టీమ్ లీడరు కాంటాక్టుల్లో ఉన్నాడన్న సంగతి రెండో రోజు గుర్తుకొస్తుంది. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, స్క్రీన్‌షాట్ పోదు. మిమ్మల్ని పని నుంచి వదిలినట్టు రిలీవింగ్ లెటర్ ఇవ్వవలసింది ఆ కంపెనీయే. జీతం వివరాలు బయటపెట్టకూడదని చాలా కంపెనీలు లెటరులోనే రాస్తాయి. ఆ పేజీ ఎవరూ చదవరు.

పైగా ఆఫర్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. 2022లో కొన్ని ఐటీ కంపెనీలు ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లను నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టాయి. ఫోటో పెట్టినవారు ఆ నెలలన్నీ ప్రతి పెళ్లిలో "ఇంకా చేరలేదా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకున్నారు.

మీరు పెట్టకపోయినా నాన్నగారు పెడతారు. ఫ్యామిలీ గ్రూపు నుంచి పటమటలోని బాబాయి అపార్ట్‌మెంట్ గ్రూపుకు చేరడానికి పది నిమిషాలు చాలు. లెటరు ఇంట్లో చూపించండి, ఫార్వర్డ్ చేయకండి.

ఇక మిగతావి. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే 'ఓపెన్ టు వర్క్' పెడితే రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టండి. అప్పుడు కూడా మీ కంపెనీ కంట పడదన్న హామీ లేదు. ప్రొఫైల్ మార్చేముందు ఆ మార్పు అందరికీ తెలియజేసే మీట ఆపేయండి. ఉద్యోగ ప్రకటనల కింద 'ఇంట్రెస్టెడ్' అని రాసి ఫోను నంబరు ఇవ్వకండి, మోసగాళ్లు వల వేసేది అక్కడే. రెజ్యూమెలో ఆధార్ నంబరు వద్దు. ఇంటి నంబరు వద్దు, ఊరి పేరు చాలు. ఆధార్ తప్పనిసరి అంటే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్స్ షాపు కంప్యూటర్లో వాట్సాప్ తెరిస్తే లాగౌట్ చేయండి, డౌన్‌లోడ్స్‌లో మిగిలిన రెజ్యూమె చెరిపేసి లేవండి. ఇంటర్వ్యూ చోట సెల్ఫీ వద్దు. అడిగిన ప్రశ్నలు గ్రూపుల్లో పెట్టవద్దు. టెలిగ్రామ్‌లో విదేశీ డేటా ఎంట్రీ ఉద్యోగమంటే దూరంగా ఉండండి. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లినవారితో కంబోడియాలో బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఉద్యోగం పేరుతో ఎవరు డబ్బు అడిగినా ఫోను పెట్టేయండి. కంపెనీ వెబ్‌సైటులో ఉన్న నంబరుకు మీరే చేసి కనుక్కోండి. కట్టేశారా, పరువు సంగతి తర్వాత, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

చేరాక చెప్పుకోండి, ఎవరూ కాదనరు. కంపెనీ పేరు, హోదా, ఒక్క వాక్యం. అప్పుడు కూడా లెటరు వద్దు, ఐడీ కార్డు ఫోటో కూడా వద్దు.