ఇంటి లోపల నీటిలో పుదీనా, కొత్తిమీర పెంపకం

మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలోనే మొక్కలు పెంచే చిన్న హైడ్రోపోనిక్ యూనిట్ కొన్నవారు పుదీనాతో మొదలుపెట్టడం మేలు. బజారులో కొన్న కట్టలోంచి గట్టి కాడలను ఎంచి, కణుపు కింద కోసి, కింది ఆకులు తుంచి నీటిలో ఉంచితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. కొత్తిమీరకు ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి, తడి కొబ్బరి పొట్టులో విత్తాలి.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది నీటి మీద. మన ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీటిలో లవణాలు ముందే ఎక్కువగా ఉంటాయి కనుక, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో కొలిచి, అవసరమైతే ఆర్వో నీటిని కలిపి వాడాలి. మొక్కకు ఆహారంగా ఏ, బీ అని రెండు భాగాలుగా దొరికే పోషక ద్రావణాలను చిక్కగా ఉన్నప్పుడే ఒకదానిలో ఒకటి పోస్తే కాల్షియం గడ్డకట్టి మొక్కకు అందదు. వాటిని విడివిడిగా ట్యాంకు నీటిలో కలపాలి. ఆపైన నీటి ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే పీహెచ్‌ను 5.5, 6.5 మధ్యకు సరిచేయాలి, ఎందుకంటే అది 7 దాటితే ఇనుము అందక లేత ఆకులు పసుపుబారుతాయి.

ఎల్‌ఈడీ దీపం రోజుకు 14 గంటలు వెలిగితే చాలు. ట్యాంకులోకి మాత్రం వెలుతురు చొరబడితే నాచు పడుతుంది. ద్రావణాన్ని రెండు వారాలకోసారి మార్చాలి. వేసవిలో నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గి వేళ్లు కుళ్లుతాయి, కొత్తిమీర తొందరగా పూతకు వస్తుంది. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో దాన్ని మాని పుదీనాను, తోటకూరను పెంచుకోవడమే నయం.