ఇంట్లో మొక్కలకు ఎల్ఈడీ గ్రో లైట్ పెట్టడం ఎలా?

కిటికీ పక్కన పెట్టినా మొక్క ఎదగడం లేదంటే చాలామంది ముందు ఎరువు వేస్తారు, తర్వాత నీళ్లు పెంచుతారు, అదీ పనిచేయకపోతే కుండీ మారుస్తారు. వెలుతురు చాలడం లేదేమో అన్న అనుమానం చివర్లో గానీ రాదు, ఎందుకంటే మన కంటికి గది వెలుగ్గానే కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష లక్స్ దాకా వెలుతురు ఉంటుంది, లైటు వేసిన మామూలు గదిలో అది కొన్ని వందలు మాత్రమే. గ్రో లైట్ పని ఈ లోటును కొంతవరకు పూడ్చడం.

ముందు ఏం పెంచుతారో తేల్చుకోండి, లైటు సంగతి ఆ తర్వాతే. పుదీనా, లెట్యూస్, పాలకూర లాంటివి ఓ మాదిరి వెలుతురుతో సరిపెట్టుకుంటాయి. టమాటా, మిరప కాయాలంటే దాదాపు రెట్టింపు కావాలి. మొదటిసారి పెడుతున్నవాళ్లు ఆకుకూరలతో మొదలుపెడితేనే మంచిది, ఫలితం త్వరగా కనిపిస్తుంది, కరెంటు కూడా తక్కువ ఖర్చవుతుంది.

ఇక కొనడం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘1000 వాట్స్’ అని ఉంటే దాన్ని పట్టించుకోకండి, అది చాలాసార్లు పాతరకం లైటుతో పోల్చి వేసిన అంకె. ఆ లైటు నిజంగా ఎన్ని వాట్లు లాగుతుందో వెనకవైపు లేబుల్ మీదో, వివరాల్లోనో ఉంటుంది, అది చూడండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న అరలో ఆకుకూరలకు 40 నుంచి 50 వాట్లు లాగే మంచి లైటు సరిపోతుంది. 40 వాట్ల లైటు రోజుకు 16 గంటలు వెలిగితే నెలకు సుమారు 19 యూనిట్లు కాలుతుంది. ల్యూమెన్స్ అంకెను బట్టి కూడా ఎంచుకోకండి, అది మనిషి కంటికి ఎంత వెలుగు కనిపిస్తుందో చెప్పే లెక్క. మొక్క వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి, అది మొక్క మీద సెకనుకు ఎంత పడుతోందో పీపీఎఫ్‌డీ అనే కొలతలో చెబుతారు. ఆకుకూరలకు ఇది 200 దరిదాపుల్లో ఉంటే చాలు.

రంగు విషయంలో నా సలహా తెల్లలైటే. ఎరుపు, నీలం కలిసిన గులాబీ లైటు కింద కూడా మొక్కలు పెరుగుతాయి, అందులో సందేహం లేదు. కానీ ఆ వెలుగులో ఆకు పసుపు తిరిగిందా, మచ్చ పడిందా అన్నది కనిపెట్టడం చాలా కష్టం. పైగా తెల్లలైటులో ఉండే ఆకుపచ్చ కాంతి పైఆకులను దాటుకుని కిందిఆకుల దాకా కూడా కొంత చేరుతుంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఎత్తు మీద. ఒకే లైటును కాస్త కిందికి దించితే వెలుతురు బాగా పెరుగుతుంది, పైకి లేపితే అంతే వేగంగా పడిపోతుంది. అందుకని లైటును ఒకేచోట బిగించేయకుండా గొలుసుతోనో సర్దుకునే తాడుతోనో వేలాడదీయండి, మొక్క పెరిగేకొద్దీ పైకి లాగొచ్చు. చిన్న ట్యూబ్ లైట్లయితే మొక్క కొసకు 15 నుంచి 30 సెంటీమీటర్ల పైన, వంద వాట్లు దాటిన ప్యానెల్ అయితే 45 నుంచి 60 సెంటీమీటర్ల పైన మొదలుపెట్టి, ఆ తర్వాత మొక్కను చూసి సర్దండి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, ఫోన్‌ను మొక్క కొస దగ్గర లైటు వైపు తిప్పి కొలవండి. తెల్ల ఎల్ఈడీ అయితే వచ్చిన అంకెను 70తో భాగిస్తే పీపీఎఫ్‌డీ ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 14,000 లక్స్ వచ్చిందంటే దాదాపు 200 ఉన్నట్టు. గులాబీ లైటుకు మాత్రం ఈ లెక్క పనికిరాదు.

వెలుతురు చాలని నారు ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు. కాండం దారంలా సాగి పాలిపోతుంది, తొలి రెండాకులు ఎక్కడో పైన ఉంటాయి, నీళ్లు పోయగానే మొక్క ఒరిగిపోతుంది. అప్పుడు లైటు దించాలి. కొసన ఉన్న లేతాకులు తెల్లబడినా, అంచులు పైకి ముడుచుకున్నా, అడుగున ఆకులు బాగుండి లైటుకు దగ్గరగా ఉన్నవే దెబ్బతిన్నా, లైటు ఎక్కువైందని. ఓ అరచేయంత పైకి లేపి, నాలుగైదు రోజులు ఆగి చూడండి. రోజూ మారుస్తూ పోతే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

తర్వాత టైమర్. ఇది తప్పకుండా పెట్టండి, చేత్తో వేయడం ఆర్పడం రెండో వారానికే గతి తప్పుతుంది. నారుకు, చాలా ఆకుకూరలకు 14 నుంచి 16 గంటలు ఇవ్వండి. పాలకూర దగ్గర మాత్రం జాగ్రత్త. పగలు పొడవైందని అనుకుంటే అది ఆకులు మానేసి పూతకు వచ్చేస్తుంది, కాబట్టి దానికి 12 గంటలు మించనివ్వకండి. చామంతి దీనికి పూర్తిగా తిరుగుడు, రాత్రి పొడవుగా, చీకటిగా ఉంటేనే మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా లైటు వేసి ఉంచితే ఎక్కువ పెరుగుతాయనుకోవద్దు, టమాటాకైతే ఆగకుండా వెలిగే లైటు కింద ఆకులు పాడవుతాయి.

కరెంటు, నీళ్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డును నేలమీద వదిలేయకండి. ప్లగ్గు కంటే కిందికి వైరు ఒక వంపు తిరిగేలా వదిలితే వైరు వెంట జారిన నీటిబొట్టు అక్కడే కింద పడిపోతుంది. అర చుట్టూ తెల్లటి అట్ట నిలబెడితే పక్కలకు పోయే వెలుతురు వెనక్కి మళ్లుతుంది. చిన్న ఫ్యాను మెల్లగా తిరిగితే కాండం గట్టిపడుతుంది, బూజు తగ్గుతుంది. మట్టి పైపొర ఆరిందని వేలితో చూశాకే నీళ్లు పోయండి.

టమాటా, మిరప పూతకు వచ్చాయంటే ఇంకో పని మీదే. గదిలో గాలీ తేనెటీగలూ ఉండవు కాబట్టి పూత ఉన్నన్నాళ్లూ పగటిపూట ఒకసారి పూలగుత్తిని వేలితో మెల్లగా తట్టండి, పుప్పొడి రాలి పిందె కట్టడానికి అది చాలు.